చిన్న పిట్టలకు కానన్ ఆర్‌ఎఫ్ 100-400 లెన్స్
బరువు 635 గ్రాములే. గంటసేపు తోటలో తేనెపిట్టల వెంట తిరిగినా భుజం లాగదు, అదే దీని గొప్ప!

ఇబ్బందల్లా వెలుతురుతోనే. జూమ్ చివర 400 ఎంఎం దగ్గర అపెర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) ఎఫ్8 మాత్రమే, అంటే చిన్నది. పొద్దు పొడిచే వేళ షట్టర్ వేగం 1/1000 సెకను పెడితే ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా సున్నితత్వం) ఎగబాకి, ఫొటో గరుకెక్కి ఈకల గీతలు చెరిగిపోతాయి. పిట్ట కుదురుగా ఉంటే 1/250కి దించి, వరసగా ఐదారు షాట్లు కొట్టండి.

కొల్లేరు జమ్ములో ఫోకస్ ముందున్న ఆకు మీదికి పోతుంది. సింగిల్ పాయింట్‌తో (ఒకే చుక్క మీద ఫోకస్) కంటికే గురిపెట్టాలి. ఏ పిట్టో గుర్తించడానికీ కంటి చుట్టుపక్కలే కీలకం: బ్లైత్ రీడ్ వార్బ్లర్ అనే చిన్న గోధుమరంగు పిట్టకు కనుబొమ గీత ముక్కు నుంచి కంటిదాకా స్పష్టంగా ఉండి, కన్ను దాటాక మసకబారుతుంది.

హుడ్ (లెన్స్ ముందు తొడిగే గొట్టం) విడిగా కొనాలి. చినుకుల్ని ఆపే సీలింగ్ లేదు, వానలో తీయకండి.