మిల్ లాక్స్ ఐస్ మీద గాలిపటంతో మూడు రోజులు

సంక్రాంతికి డాబా ఎక్కి గాలిపటం ఎగరేసిన వాళ్లందరికీ ఒక అలవాటు ఒంట్లో పాతుకుపోయి ఉంటుంది: ఏమైనా సరే, దారం వదలకూడదు. గడ్డకట్టిన సరస్సు మీద పవర్ కైట్ (మనిషిని లాక్కెళ్లేంత బలమున్న గాలిపటం) పట్టుకుని స్కేటింగ్ నేర్చుకునేటప్పుడు నాకు అన్నిటికంటే కష్టమైంది ఆ అలవాటు మానుకోవడమే.

మా బావమరిది అమెరికాలో మిన్నెసోటా రాష్ట్రంలోని మినియాపోలిస్‌లో ఉంటాడు, రెండు శీతాకాలాల నుంచి ఈ ఆట ఆడుతున్నాడు. డిసెంబర్ రెండో వారంలో ఫోన్ చేసి, "బావా, స్నో ఇంకా పడలేదు, ఐస్ అద్దంలా ఉంది, శుక్రవారానికల్లా వచ్చెయ్" అన్నాడు. ఆ తొందరకి కారణం ఉంది. స్కేట్లకి స్నో లేని నున్నటి ఐస్ కావాలి. మిన్నెసోటాలో సరస్సు గట్టిపడ్డాక దాని మీద స్నో పేరుకునే లోపు దొరికేవి కొన్ని రోజులే. ఆ తర్వాత ఇదే ఆట స్కీలతో ఆడుకోవాల్సిందే. అందుకని దీనికి నెలల ముందు టికెట్లు కొనడం దండగ. నేను షికాగో నుంచి కారులోనే వెళ్లిపోయాను.

మొదటి రోజు ఊళ్లోనే ఉన్న బిడే మకా స్కాకి వెళ్లాం. పాత పేరు లేక్ కాల్హూన్. పార్కింగ్ పక్కనే, కాఫీ కూడా దగ్గరే. కానీ చుట్టూ చెట్లు, అపార్ట్‌మెంట్లు ఉండటంతో గాలి నిలకడగా రాదు. కైట్ ఒక క్షణం గుంజుతుంది, మరుక్షణం చతికిలబడుతుంది. కొత్తవాళ్లకి ఆ చోటు వద్దంటాను. సాయంత్రం లేక్ మినటోంకాలోని వేజాటా బే (ఒడ్డులోకి చొచ్చుకొచ్చిన సరస్సు భాగం) చూశాం. అక్కడ గాలికి అడ్డు లేదు, నాకు నచ్చింది. అయితే ఆ సరస్సు చాలా బేలుగా విడిపోయి, ఇరుకు కాలువలతో కలిసి ఉంటుంది. వంతెనల కింద నీళ్లు కదులుతూనే ఉంటాయి కాబట్టి అక్కడ ఐస్ పల్చన. ఒక బేలోనుంచి ఇంకో బేలోకి దాటాలని ఆశపడకూడదు.

అసలు అనుభవం మిల్ లాక్స్ సరస్సులో. మినియాపోలిస్ నుంచి 169వ నంబర్ హైవే మీద ఉత్తరానికి రెండు గంటల లోపు ప్రయాణం. విస్తీర్ణం దాదాపు 1,32,000 ఎకరాలు, లోతు మాత్రం ఎక్కడా 42 అడుగులకు మించదు. గ్యారిసన్ దగ్గర ఒడ్డున నిలబడితే ఎదురుగా అంతా ఆకాశమే.

ఆ రాత్రి హైవే పక్కన ఒక మోటెల్‌లో దిగాం. ఫోటోల్లో బాగానే ఉంది. హీటర్ సరిగ్గా పనిచేయలేదు, రెండు కోట్లు వేసుకుని పడుకున్నాం. అంతకంటే నన్ను బాధపెట్టిన విషయం, ఐస్ ఎలా ఉందని అడిగితే అక్కడ చెప్పేవాళ్లే లేరు. మర్నాడు పొద్దున్నే ఒడ్డు మీద చేపల వేటగాళ్లు దిగే చిన్న రిసార్ట్‌కి మారాం. క్యాబిన్ ఇరుకు, దుప్పట్లు పాతవి, ఎంత తలుపులు తీసినా చేపల వాసన పోదు. కానీ దాని యజమాని రోజూ తెల్లవారకముందే డ్రిల్లుతో ఐస్‌కి కన్నాలు వేసి, ఎక్కడ ఎన్ని అంగుళాలుందో ఆఫీసు బయట బోర్డు మీద రాస్తాడు. బస కోసం వెతికేటప్పుడు నేనిప్పుడు మొదట అడిగేది ఆ బోర్డు గురించే. మనిషి నడవాలంటే గట్టి, తేటైన ఐస్ కనీసం 4 అంగుళాలు ఉండాలని రాష్ట్ర సహజ వనరుల శాఖ చెబుతుంది. తెల్లగా కనిపించే ఐస్ అయితే దానికి రెట్టింపు కావాలి. ఆ రోజు బోర్డు మీద 7 అని ఉంది.

మాది మూడు చదరపు మీటర్ల కైట్. నాలుగు తాళ్లు, రెండు పిడులు. ముందు అంచున ఉన్న నోళ్లలోంచి గాలి దూరగానే బట్ట ఉబ్బి రెక్క అవుతుంది. గాలి గంటకు 12 మైళ్లే, చిన్న కైటే, అయినా ఐస్ మీద రాపిడి లేకపోవడంతో గాలి కంటే వేగంగా పోవచ్చు. కాళ్ల కింద నల్లటి ఐస్, అందులో నాణేలు పేర్చినట్టు తెల్లటి గాలి బుడగలు. ఉండుండి సరస్సు లోపలెక్కడో తీగ తెగినట్టు మోగుతుంది. మొదటిసారి విన్నప్పుడు గుండె ఝల్లుమంది.

మధ్యాహ్నం ఒక్కసారిగా గాలి విసిరికొట్టింది. కైట్ నన్ను ఐస్ పగిలి గట్టులా లేచిన చోటు వైపు లాక్కెళ్లింది. వెనకనుంచి "బావా, వదిలెయ్! పిడులు వదిలెయ్!" అని అరుపు. వింటూనే ఉన్నాను, పిడికిలి మాత్రం ఇంకా బిగుసుకుంది. ఎలాగో వేళ్లు విప్పాను. మణికట్టుకి కట్టిన పట్టీలు వెనక తాళ్లని లాగగానే కైట్ గాలి వదిలేసి, ఆరేసిన చీర జారినట్టు కింద పడింది. నేను బోర్లా జారుకుంటూ వెళ్లి గట్టుకి ఇరవై అడుగుల ఇవతల ఆగాను. గట్టు పక్కన చెయ్యెడల్పు చీలికలో నీళ్లు కదులుతున్నాయి. మెడలో ఐస్ మేకులు (నీళ్లలో పడితే ఐస్‌కి గుచ్చి పైకి రావడానికి), తలకి హెల్మెట్ ఉన్నాయి కానీ చాలాసేపు లేవలేకపోయాను. ఆ తర్వాత ఆ రోజంతా నేను సాధన చేసింది వదలడమే.

మనల్ని లాగే గాలే ఐస్‌ని కూడా విరుస్తుంది. 2023 డిసెంబర్ చివర్లో ఇక్కడికి ఉత్తరాన ఉన్న అప్పర్ రెడ్ లేక్‌లో ఐస్ ముక్క విడిపోయి వంద మందికి పైగా చేపల వేటగాళ్లు చిక్కుకుపోతే, అందరినీ కాపాడి ఒడ్డుకు చేర్చారు.

మూడో రోజు పొద్దున బోర్డు మీద అంకెలు లేవు. "దక్షిణపు గాలి ఎక్కువ, ఇవాళ వద్దు" అని మాత్రం రాసి ఉంది. బావమరిది మారు మాట్లాడకుండా కైట్ సంచిని కారు డిక్కీలో పెట్టేశాడు.