అయోవా కాకస్, న్యూ హాంప్‌షైర్ ప్రైమరీ: ఏది నమ్మొచ్చు?

2028 అమెరికా అధ్యక్ష పోటీ గురించి ఊహాగానాలు ఎప్పుడో మొదలయ్యాయి. ఉపాధ్యక్షుడు జె.డి. వాన్స్ భార్య ఉష తెలుగు మూలాలున్న కుటుంబం అమ్మాయి కావడంతో మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో హడావుడి కాస్త ఎక్కువే. అసలు వడపోత మాత్రం పార్టీలు తమ అభ్యర్థిని ఎంచుకునే లోపలి ఎన్నికల్లోనే. అవి అయోవా రాష్ట్రంలో కాకస్, న్యూ హాంప్‌షైర్ రాష్ట్రంలో ప్రైమరీ పద్ధతిలో జరుగుతాయి.

కాకస్ అంటే మన గ్రామసభ లాంటిది. జనవరి, ఫిబ్రవరి చలిలో, రాత్రిపూట, చెప్పిన టైముకి ఏ స్కూల్లోనో చేరాలి. రిపబ్లికన్లు చీటీ మీద పేరు రాసిస్తారు. 2020లో డెమోక్రాట్లు గదిలో ఒక్కో అభ్యర్థి వైపు గుంపులుగా నిలబడ్డారు. ఆ గుంపు 15 శాతానికి చేరకపోతే సాధారణంగా మరో గుంపులోకి మారాల్సిందే. నైట్ డ్యూటీ ఉన్నవాళ్ల గతేంటి? పైగా లెక్కల గొడవ ఒకటి. 2012లో రిపబ్లికన్ల పోటీలో రోమ్నీ 8 ఓట్లతో గెలిచారన్నారు, తర్వాత చూస్తే ప్రత్యర్థి శాంటోరమ్‌కి 34 ఓట్ల ఆధిక్యం! 2020లో డెమోక్రాట్ల లెక్కలు పంపే యాప్ మొరాయించి ఫలితాలు రోజుల తరబడి ఆగాయి.

న్యూ హాంప్‌షైర్‌ ప్రైమరీలో మామూలు పోలింగే. వీలున్నప్పుడు వెళ్లి రహస్యంగా ఓటేయొచ్చు. ఏ పార్టీలోనూ నమోదు కానివాళ్లకూ అవకాశముంది. అందుకే నా ఓటు ప్రైమరీకే.

జోస్యం చెప్పడంలో మాత్రం రెండూ అంతంతే. 2020లో బైడెన్ అయోవాలో నాలుగు, న్యూ హాంప్‌షైర్‌లో ఐదో స్థానం. సౌత్ కరొలైనాలో గెలిచాక కథే మారిపోయింది.