ఓర్లాండోలో పడవ తీసేశారు

అమ్మానాన్నల్నో అత్తమామల్నో ఓర్లాండో డిస్నీ వరల్డ్‌లోని మేజిక్ కింగ్‌డమ్ పార్కుకి తీసుకెళ్ళాలనుకుంటున్న వాళ్ళకి ముందే చెబుతున్నాను. అక్కడ ఇప్పుడు నది లేదు, స్టీమరు లేదు, నది మధ్యలో టామ్ సాయర్ దీవి కూడా లేదు. 2025 జులై 6తో అన్నీ మూసేశారు. మేం నవంబరులో వెళ్ళేసరికి ఆ మేరంతా అడ్డుగోడలు, వాటి వెనక క్రేన్లు. పక్కనున్న బిగ్ థండర్ మౌంటెన్ రైడు కూడా అప్పుడు మరమ్మతుల కోసం మూసే ఉంది. ఒకప్పుడు గాలి ఆడుతూ, నీళ్ళు కనిపిస్తూ ఉండే ఆ మూల ఇప్పుడు జనం ఒకరినొకరు తోసుకుంటూ దాటిపోయే సందు.

ఆ పడవ మీద నాకింత పట్టింపు అమ్మ వల్ల. తెనాలి నుంచి వచ్చింది, మోకాళ్ళ నొప్పులు. కోవిడ్‌కి ముందు వచ్చినప్పుడు అంత పెద్ద పార్కులో ఆవిడకి నచ్చింది ఆ స్టీమరొక్కటే. మూడంతస్తుల పడవ, నిజంగా ఆవిరితో నడిచేది. దీవి చుట్టూ పావుగంటకు పైగా తాపీగా తిప్పేది. "మన పాపికొండల లాంచీలా ఉందే" అని దిగగానే మళ్ళీ ఎక్కించమంది. ఈసారి అది లేదని ఇంట్లోనే చెప్పాను. "ఎందుకు తీశారే?" అంది. కార్ల సినిమా బొమ్మలతో రైడ్లు పెడతారట అన్నాను. "కార్లు రోడ్డు మీద చూస్తూనే ఉన్నాంగా" అని ఊరుకుంది గానీ, దారంతా ముభావంగానే ఉంది.

అట్లాంటా నుంచి ఏడు గంటల ప్రయాణం. బావ నడిపారు, ఏ ఇబ్బందీ లేదు.

బావకీ వాళ్ళమ్మాయికీ మాత్రం రైడ్ల మార్పుల మీద పెద్ద వాదన. బావ వై2కె రోజుల్లో జాక్సన్‌విల్‌లో ఉద్యోగం చేస్తూ సెలవు దొరికితే ఇక్కడికే వచ్చేవారు. స్ప్లాష్ మౌంటెన్ అనే నీళ్ళ రైడంటే ప్రాణం. 1992లో తెరిచిన ఆ రైడును 2023 జనవరిలో మూసి, 2024 జూన్ 28న టియానా అనే రాకుమారి కథతో టియానాస్ బయూ అడ్వెంచర్‌గా మార్చి తెరిచారు. మూసేటప్పుడు అభిమానులు ఆ నీళ్ళు సీసాల్లో పట్టుకెళ్ళి ఈబేలో అమ్మకానికి పెట్టారు. బావ దృష్టిలో అది అతి కాదు, అభిమానం. "పాతదాంట్లో కథుండేది. కుందేలు దొరికిపోతుంది, ఇక అయిపోయిందనుకునేసరికి మనం కిందికి పడేవాళ్ళం. ఇందులో విలనే లేడు. పార్టీకి వాయిద్యగాళ్ళని వెతకడమేంటి?" అని లైనులో నిలబడ్డంతసేపూ అదే గొడవ. మా వెనకనున్న ఓ జంట తలూపుతూ ఆయనతో కలిశారు. వాళ్ళు టియానా సినిమాలో విలన్ డాక్టర్ ఫసిలియర్ బొమ్మ ఒక్కటైనా పెట్టాల్సిందన్నారు.

అమ్మాయి కాలేజీలో చదువుతోంది, ఒప్పుకోలేదు. "నాన్నా, ఆ కుందేలు కథ ఏ సినిమాలోదో తెలుసు కదా? 1946లో వచ్చిన సాంగ్ ఆఫ్ ద సౌత్. బానిసత్వం పోయిన రోజుల్లో నల్లవాళ్ళు తోటల్లో హాయిగా పాడుకుంటూ బతికినట్టు చూపించినందుకు ఇక్కడ దాన్ని వీడియోగా కూడా అమ్మలేదు. సినిమానే దాచుకుని రైడు మాత్రం నడపడం న్యాయమా? టియానా డిస్నీలో మొదటి నల్లజాతి రాకుమారి. నా రూమ్మేట్ ఈ రైడు చూసి ఏడ్చింది, తెలుసా?" అంది. బావ కాసేపు మాట్లాడలేదు.

నేను పిల్ల పక్షమే. రైడు దిగాక ఇంకా గట్టిగా అనిపించింది. నీళ్ళ దారి పాతదే, చివర్లో 50 అడుగుల పాటు కిందికి జారడం పాతదే. మారింది కథ, పాటలు, బొమ్మలు. మా ఎనిమిదేళ్ళ వాడు పాతది చూడలేదు. కింద పడ్డప్పుడు ఎంత గట్టిగా కేకేశాడో, తడిసిన చొక్కాతో మళ్ళీ ఎక్కుదామని అంత గట్టిగానూ పేచీ పెట్టాడు. విలన్ లేడన్న బావ మాటలో నిజముంది, పడే ముందు గుండె దడ తగ్గిందన్నదీ నిజమే. కానీ ఎవరి చోటూ పోలేదు. అక్కడే ఇంకో డిస్నీ పార్కు ఎప్‌కాట్‌లో నార్వే పడవ రైడుని 2016లో ఫ్రోజెన్ సినిమా రైడుగా మార్చినప్పుడూ ఇంతే. అప్పుడూ గోల పెట్టారు, దారి మాత్రం అదే ఉంది. అంతకుముందు 1998లో మేజిక్ కింగ్‌డమ్‌లో మిస్టర్ టోడ్ రైడు తీసేస్తుంటే అభిమానులు టీషర్టులేసుకుని పార్కులోనే నిరసన చేశారు. బావ కళ్ళారా చూశారట. మరుసటి ఏడు అక్కడ విన్నీ ద పూ వచ్చింది, ఇవాళ పిల్లల తల్లులంతా ఆ లైన్లోనే ఉన్నారు.

నది సంగతి అలా కాదు. అది పోయాక దాని బదులు కూర్చునే చోటు రాలేదు. 1971లో పార్కు తెరిచినప్పటి నుంచీ ఉన్న నది అది. దీవి 1973లో వచ్చింది. తీసేయడాన్ని సమర్థించేవాళ్ళు పడవ సగం ఖాళీగా తిరిగేదనీ, అంత స్థలం వృథా అనీ అంటారు. సగం ఖాళీగా ఉండబట్టే కదా మోకాళ్ళ నొప్పులున్నవాళ్ళకి కుర్చీ దొరికేది! రోజుకి మనిషికి పార్కునీ తేదీనీ బట్టి (2025 ధరల్లో) 119 డాలర్ల నుంచి దాదాపు 200 దాకా టికెట్టు పెట్టి వచ్చాక, ముసలివాళ్ళు గంటల తరబడి బెంచీ కోసం వెతుక్కోవాలా? కాలిఫోర్నియా డిస్నీల్యాండ్‌లో స్టార్ వార్స్ కోసం చోటు కావాల్సొచ్చినప్పుడు 2016లో నదిని ఆపి, కాస్త కుదించి, 2017లో మళ్ళీ తెరిచారు. అక్కడ స్టార్ వార్సూ ఉంది, మార్క్ ట్వేన్ పడవా ఉంది. పారిస్‌లోనూ టోక్యోలోనూ పడవలున్నాయి. పోయింది ఫ్లోరిడాలోనే. ఈ మాట అన్నప్పుడు మాత్రం బావా, అమ్మాయీ ఇద్దరూ నాతో ఏకమయ్యారు.

మరో డిస్నీ పార్కు హాలీవుడ్ స్టూడియోస్‌లో మపెట్ విజన్ త్రీడీ అనే బొమ్మల సినిమా షో కూడా 2025 జూన్ 7తో పోయింది. చల్లటి ఏసీ హాల్లో కూర్చుని నవ్వుకునే చోటది. దాని బదులు మాన్‌స్టర్స్ ఇంక్ పేరుతో వేలాడే తలుపుల రోలర్ కోస్టర్ వస్తుందట. వరసగా పోతున్నవన్నీ కూర్చునేవే, గమనించండి.

ఇక బస. ఓర్లాండో పక్కనున్న కిసిమీలో 192 రోడ్డు మీద హోటల్ తీసుకున్నాం, పేరు రాయను. బుకింగులో రాత్రికి 94 డాలర్లని చూపించింది. టాక్సులు 13.5 శాతం కలిపితే 107 దాకా అవుతుందని లెక్క వేసుకున్నాను. కౌంటర్లో ఇచ్చిన కాయితం మీద 153.61 ఉంది. రిసార్టు ఫీజు 29, దాని మీద మళ్ళీ టాక్సు, పార్కింగు 14. రిసార్టు ఫీజు దేనికని అడిగితే స్విమ్మింగ్ పూలు, వైఫై అన్నాడా అబ్బాయి. పూలుకి తాళం వేసి ఉంది. అక్క "పోనీలే, పిల్లలు అలిసిపోయారు" అంది. నేను పోనివ్వలేదు. 2025 మే 12 నుంచి అమెరికాలో హోటళ్ళు తప్పనిసరి ఫీజులన్నీ కలిపిన ధరే ముందు చూపించాలని ఎఫ్‌టీసీ (వినియోగదారుల ఫిర్యాదులు చూసే ప్రభుత్వ సంస్థ) నిబంధన అమల్లోకి వచ్చింది. ఆ పేజీ ఫోన్లో తెరిచి, బుకింగు రోజున తీసిన స్క్రీన్‌షాట్ పక్కన పెట్టి, మేనేజర్ని పిలవమన్నాను. ఆయన ముందు అది బుకింగు సైటు తప్పన్నాడు, తర్వాత కంప్యూటర్లో రాదన్నాడు. ఫిర్యాదు ఫారం అక్కడే నింపడం మొదలుపెట్టాక వచ్చింది. ఫీజు తీసేశారు, రాత్రికి 120.69కి దిగింది. పార్కింగు వదల్లేదు, అది కారున్నవాళ్ళకే గనక నేనూ అడగలేదు. బుక్ చేసేటప్పుడు చివరి పేజీ దాకా వెళ్ళి స్క్రీన్‌షాట్ తీసిపెట్టుకోండి. ఆ ఒక్క ఫోటో లేకపోతే నా మాట ఎవరూ వినేవారు కాదు.

అమ్మ మొహంలో నవ్వు వచ్చింది యానిమల్ కింగ్‌డమ్ లాడ్జిలోని సనా అనే రెస్టారెంటులో. ఆ హోటల్లో దిగకపోయినా తినడానికి వెళ్ళొచ్చు, ముందుగా రిజర్వేషన్ చేసుకోవాలంతే. బ్రెడ్ సర్వీస్ అడగండి. అయిదు రకాల నానులు, పరోటాలూ, వాటితో తొమ్మిది రకాల పచ్చళ్ళూ చట్నీలూ ఇస్తారు. వెల్లుల్లి పచ్చడి, కొత్తిమీర చట్నీ, నిమ్మకాయతో కలిపిన మిరపకాయ పచ్చడి. అద్దాల బయట జిరాఫీలు తిరుగుతుంటాయి. పొద్దుటి నుంచి ఏమీ సరిగ్గా తినని మనిషి వెల్లుల్లి పచ్చడి గిన్నె తన వైపు జరుపుకుంది. "ఇందులో ఆవపిండి పడలేదు గానీ, కారం బాగా పట్టింది" అని తీర్పు కూడా చెప్పింది. పార్కులోకి పులిహోర, చపాతీలు తీసుకెళ్ళనిస్తారు, తినుబండారాల కౌంటర్లలో మంచినీళ్ళు అడిగితే ఊరికే ఇస్తారు. అయినా ఒక పూట సనాకి కేటాయించండి.

యానిమల్ కింగ్‌డమ్ పార్కులో డైనోసార్ రైడు 2026 ఫిబ్రవరి 1తో మూతబడింది. దాని చోట ఇండియానా జోన్స్ వస్తుంది. బావ మూడు సార్లు ఎక్కి వీడ్కోలు చెప్పుకున్నారు. నాకైతే దిగుల్లేదు. కాలిఫోర్నియాలోని ఇండియానా జోన్స్ రైడుదీ దీనిదీ దాదాపు ఒకే ట్రాకు, ఒకే రకం బండి, కాబట్టి మారేది చీకట్లో కనిపించే బొమ్మలే. చిన్నపిల్లలున్నవాళ్ళకి దిగులు పడనక్కర్లేదని చెప్పగలను.

పెద్దవాళ్ళతో మేజిక్ కింగ్‌డమ్‌కి వెళ్తే మధ్యాహ్నం ఆ నది మూలకి పోవద్దు. టుమారోల్యాండ్‌లో పీపుల్‌మూవర్ ఎక్కించండి. పైన వంతెన మీద పది నిమిషాలు మెల్లగా తిప్పుతుంది, గాలి తగులుతుంది. కదిలే వాలు బెల్టు మీద పైకి వెళ్ళి, తిరుగుతున్న వేదిక మీంచి బండి ఎక్కాలి గనక చెయ్యి పట్టుకోండి. తర్వాత కరౌసెల్ ఆఫ్ ప్రోగ్రెస్, అది ఏసీ హాలు, కుర్చీలే తిరుగుతాయి. ఎలుగుబంటి బొమ్మలు పాడే కంట్రీ బేర్ షో కూడా 2024లో కొత్త పాటలతో మార్చారు, కూర్చునే చూడొచ్చు. పడవే కావాలంటే మాత్రం ఫ్లోరిడా టికెట్లు కొనకండి, లాస్ ఏంజిల్స్ వైపు వెళ్ళండి. వచ్చే వేసవిలో అమ్మని అక్కడికే తీసుకెళ్తున్నాం.