ఇందిరానగర్ టాయిట్: ఇన్నేళ్లయినా అదే వీట్ బీరు

ఏ బ్రూపబ్‌కి (బీరు అక్కడే తయారు చేసి అమ్మే పబ్‌కి) వెళ్లినా నేను మొదట అడిగేది మామూలు వీట్ బీరే, అంటే గోధుమలు వేసి చేసేది. మామిడి బీరు, కాఫీ బీరు లాంటివి తర్వాత చూసుకోవచ్చు. భోజన హోటల్లో ముందు పప్పు రుచి చూసినట్టే ఇది కూడా, ఎందుకంటే వీట్ బీరులో తప్పు జరిగితే దాన్ని కప్పిపెట్టే ఘాటైన రుచులేవీ ఉండవు. ఆ లెక్కన బెంగళూరులో నాకు అన్నిటికంటే నచ్చిన చోటు ఇందిరానగర్ హండ్రెడ్ ఫీట్ రోడ్డులోని టాయిట్. 2010లో మొదలైంది. ఉద్యోగానికి ఈ ఊరొచ్చిన కొత్తలో ఆఫీసు వాళ్లు తీసుకెళ్లారు, అప్పట్నుంచి వెళ్తూనే ఉన్నాను. వైట్‌ఫీల్డ్‌లో విండ్‌మిల్స్ అనే బ్రూపబ్ కూడా ఇష్టమే, ముఖ్యంగా జాజ్ ఉన్న రోజుల్లో. కానీ బీరు కోసమే బయల్దేరితే మాత్రం టాయిట్‌కే.

అక్కడి వీట్ బీరు పేరు టాయిట్ వైస్, జర్మన్ పద్ధతిది. గ్లాసు ముక్కు దగ్గర పెట్టుకోగానే అరటిపండు వాసన, దాని వెనకాలే సన్నగా లవంగం. ఇందులో అరటిపండూ లేదు, లవంగమూ లేదు, అదంతా బీరును పులియబెట్టే ఈస్ట్ చేసే పని. అరటిపండుకు ఆ వాసన ఇచ్చే ఐసోఅమైల్ ఎసిటేట్ అనే పదార్థాన్నే ఈ రకం ఈస్ట్ కూడా పులిసేటప్పుడు తయారు చేస్తుంది. గుంటూరు నుంచి మా బావ వచ్చినప్పుడు తీసుకెళ్తే గ్లాసు లైటు వైపు ఎత్తి చూసి, "ఏంట్రా ఇలా మబ్బుగా ఉంది, పాడైందా?" అన్నాడు. "వడకట్టరు బావా, ఈస్ట్ అందులోనే ఉంటుంది, తాగి చూడు" అన్నాను. ఎనిమిది శాతం స్ట్రాంగ్ బీరు ఐస్‌లా చల్లబరిచి తాగే మనిషి, ఆ సాయంత్రం మాత్రం రెండో గ్లాసు తనే చెప్పాడు, అదీ నెమ్మదిగా తాగాడు.

నెమ్మదిగా తాగాలి కూడా. మరీ చల్లగా ఉన్నప్పుడు ఆ వాసనలేవీ పైకి రావు, కాస్త చలి తగ్గాక రుచి విచ్చుకుంటుంది. ఇంకోటి గమనించండి, బీరు తగ్గేకొద్దీ గ్లాసు లోపల నురుగు గుక్కకో వరస చొప్పున వలయాలుగా అంటుకుని ఉంటే గ్లాసు శుభ్రంగా కడిగారని అర్థం. జిడ్డు ఉంటే నురుగు నిలవదు, బుడగలు గోడలకు అతుక్కుంటాయి.

ఇంత చెప్పడానికి కారణం నిలకడ. పెద్ద ఫ్యాక్టరీలు సీసా సీసాకీ ఒకే రుచి తెస్తాయంటే దాని వెనక వడపోత, పాశ్చరైజేషన్, పెద్ద ల్యాబులు ఉంటాయి. అవేవీ లేకుండా చిన్న ట్యాంకుల్లో, బతికున్న ఈస్ట్‌తో, ఏళ్ల తరబడి అదే రుచి నిలబెట్టడం చాలా కష్టం. ఇదే ఊళ్లో మరో చోట (పేరు వద్దు) ఒకసారి బ్రహ్మాండంగా ఉన్న బీరు, తర్వాత వెళ్తే కరిగిన వెన్న వాసన కొట్టింది. ఆ వాసన తెచ్చే పదార్థాన్ని డైఅసిటైల్ అంటారు. ఈస్ట్ దాన్ని మళ్లీ లోపలికి పీల్చుకునేంత టైము ఇవ్వకుండా తొందరపడి ట్యాంకు ఖాళీ చేసినా వస్తుంది, ట్యాప్ పైపులు సరిగ్గా కడక్కపోయినా వస్తుంది. టాయిట్‌లో వైస్ నన్ను ఎప్పుడూ అలా నిరాశపరచలేదు.

మిగతావాటిలో టిన్‌టిన్ టాయిట్ బెల్జియన్ పద్ధతి వీట్ బీరు. ఈ రకంలో నారింజ తొక్క, ధనియాలు వేస్తారు, ఎండాకాలం మధ్యాహ్నానికి బాగా నప్పుతుంది. బాస్మతి బ్లాండ్‌లో బియ్యం వల్ల బీరు తేలికగా ఉంటుంది, చేదంటే మొహం తిప్పుకునేవాళ్లకు ముందు అదే చెప్పండి. నాకు మాత్రం అది మరీ తేలిక. కారం గట్టిగా ఉన్న చికెన్ తెప్పించుకుంటే మళ్లీ వైస్ దగ్గరకే రండి. హాప్స్ (బీరుకు చేదునిచ్చే పూలు) ఎక్కువున్న చేదు బీర్లు కారంతో కలిస్తే నోరు ఇంకా మండిపోతుంది.

వెళ్తే వారం మధ్యలో, సాయంత్రం ఆరులోపు వెళ్లండి, శనివారం రాత్రి ఆ రోడ్డు మీద ట్రాఫిక్ సంగతి తెలిసిందే. కూర్చోగానే ఏ బ్యాచ్ కొత్తగా ట్యాప్ మీదకొచ్చిందో వెయిటర్ని అడగండి, కావాలంటే చిన్న గ్లాసులో రుచి చూసి ఆర్డర్ ఇవ్వండి. బండి మాత్రం ఇంట్లోనే వదిలేయండి, పక్కనే మెట్రో ఉంది.