స్కైరిమ్‌లో ఆల్కెమీ: సగం మంత్రం, సగం లెక్క

2011లో వచ్చిన స్కైరిమ్ వీడియో గేమ్‌లో నాకు అన్నిటికన్నా నచ్చింది ఆల్కెమీయే, అంటే దినుసులు కలిపి మందులు తయారుచేయడం. ప్రతి దినుసుకూ నాలుగు గుణాలు. ఎక్స్‌పెరిమెంటర్ పెర్క్ (ఆటలో సంపాదించుకునే అదనపు నైపుణ్యం) లేకపోతే, నమిలినప్పుడు మొదటిదే బయటపడుతుంది. కలిపే రెండు మూడు దినుసుల్లో కనీసం రెండింటికి ఒక్క గుణమైనా ఉమ్మడిగా ఉండాలి, లేదంటే సరుకు వృథా. బ్లూ మౌంటెన్ ఫ్లవర్‌, గోధుమ కలిస్తే గాయం మానుతుంది, గరిష్ఠ ఆరోగ్యమూ కాసేపు పెరుగుతుంది. జెయింట్స్ టో (రాక్షసుడి కాలివేలు) దొరికిందా, గోధుమతో కలిపి అమ్మేయండి. సీసా ధర అమాంతం లేస్తుంది. (తాగితే మాత్రం స్టామినా నెమ్మదిగా కోలుకుంటుంది.)

పెద్ద లొసుగు ఒకటుంది. ఫోర్టిఫై రెస్టరేషన్ మందు (రెస్టరేషన్ మంత్రాల బలం పెంచేది) తాగి, ఆల్కెమీని పెంచే మంత్రమున్న నగలు తీసి మళ్లీ తొడిగితే వాటి బలం పెరుగుతుంది, దాంతో తర్వాతి మందు ఇంకా ఘాటు. అలా తిప్పుతూ పోతే అంకెలు హద్దు దాటి గేమ్ క్రాష్ అవుతుంది. అభిమానులు చేసిన అనధికారిక ప్యాచ్ (లోపాల సవరణ) వేసుకుంటే ఆ దొడ్డిదారి మూసుకుపోతుంది.