బ్లాక్ సబ్బాత్ తొలి ఆల్బమ్‌లో ఏ పాటది పైచేయి?

బ్రిటన్ హెవీ మెటల్ బ్యాండ్ బ్లాక్ సబ్బాత్ అభిమానులు ఇద్దరు కలిసి తొలి ఆల్బమ్ మాట ఎత్తితే వాదన కాసేపటికే రెండు పాటల దగ్గరికి చేరుతుంది. ఒకటి బ్యాండ్ పేరే తనకూ పెట్టుకున్న మొదటి పాట 'బ్లాక్ సబ్బాత్'. రెండోది 'ఎన్.ఐ.బి.'. మౌత్ ఆర్గాన్ ఇష్టపడేవాళ్లు మధ్యలో 'ద విజర్డ్' అంటారు, గిటార్ వాయించేవాళ్లు 'వార్నింగ్' అంటారు. నేనెటువైపో ముందే చెప్పేస్తాను: మొదటి పాట వైపు. కానీ ఆ మాట అనే ముందు ఎన్.ఐ.బి.కి ఇవ్వాల్సిన గౌరవం ఇచ్చి తీరాలి.

ఆల్బమ్ ఎలా తయారైందో తెలియకపోతే ఈ పోలికకు అర్థం లేదు. బ్యాండ్‌లోని నలుగురూ బర్మింగ్‌హామ్‌లోని ఆస్టన్ కుర్రాళ్లు, కార్మిక కుటుంబాల పిల్లలు. 1969 అక్టోబరులో లండన్‌లోని రీజెంట్ సౌండ్ స్టూడియోలో ఒక్క రోజులో రికార్డింగ్ ముగించారు. క్లబ్బుల్లో వాయించినట్టే కలిసి వాయించారు. గాయకుడు ఓజీ ఆస్‌బోర్న్‌ను పక్కన ఒక బూత్‌లో నిలబెడితే అతనూ అదే సమయంలో పాడేశాడు. ప్రొడ్యూసర్ రాడ్జర్ బెయిన్. 1970 ఫిబ్రవరి 13న, శుక్రవారం నాడు, బ్రిటన్‌లో విడుదలై అక్కడి చార్టులో 8వ స్థానం దాకా, ఆ తర్వాత అమెరికాలో 23వ స్థానం దాకా వెళ్లింది. ఒక్క రోజులో తీసిన ఆల్బమ్‌లో పాటకీ పాటకీ మధ్య తేడా స్టూడియో హంగుల వల్ల రాదు. పాటలో సరుకుంటే వినపడుతుంది, లేకపోతే లేదు.

ఎన్.ఐ.బి.లో సరుకు బోలెడు. గీజర్ బట్లర్ బేస్ గిటార్ ఒంటరిగా, తడుముకుంటూ నడిచినట్టు మొదలవుతుంది. బేస్ ఎప్పుడూ వెనకే ఉండాలనుకునే చెవికి అదే ఒక ఆశ్చర్యం. తర్వాత అదే బేస్ అసలు రిఫ్ (పాటలో మళ్లీ మళ్లీ వచ్చే చిన్న స్వరాల వరుస) అందుకుంటుంది, దాని మీదికి టోనీ అయోమీ గిటార్ దిగుతుంది, ఓజీ 'ఓ యా' అని ఒక్క కేక వేస్తాడు. అక్కడితో పాట మన చేతుల్లోంచి జారిపోతుంది. గిటార్ కొత్తగా పట్టినవాళ్లు కూడా వారం తిరిగేలోపు ఆ రిఫ్ వాయించేస్తారు. ఒకసారి విన్నవాళ్లు స్నానం చేస్తూ కూనిరాగం తీస్తారు. కథ కూడా తమాషాగా ఉంటుంది: సైతాను ఒక అమ్మాయిని ప్రేమించి మంచివాడిగా మారుతున్నాడు, పాటంతా అతని నోటితోనే నడుస్తుంది. రాసింది గీజరే. పేరు పుట్టింది డ్రమ్మర్ బిల్ వార్డ్ గడ్డం నుంచి. అది పెన్ను పాళీలా ఉందని మిగతావాళ్లు ఆట పట్టించేవారు, పాళీని ఇంగ్లిష్‌లో నిబ్ అంటారు కదా, అక్షరాల మధ్య చుక్కలు పెట్టారు. ఆ చుక్కలు చూసి అభిమానులు 'నేటివిటీ ఇన్ బ్లాక్' అని సొంత అర్థం కట్టుకున్నారు. 1994లో వేరే బ్యాండ్లు సబ్బాత్ పాటలు పాడి తెచ్చిన నివాళి ఆల్బమ్‌కు చివరికి ఆ పేరే పెట్టారు. అభిమానులు ఒక పాటను ఎంత సొంతం చేసుకోగలరో చెప్పడానికి ఇంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

2025 జులై 5న బర్మింగ్‌హామ్ విల్లా పార్క్‌లో అసలు నలుగురూ చివరిసారి కలిసి వాయించారు. నాలుగే పాటలు. తొలి ఆల్బమ్ నుంచి వాటిలో చోటు దక్కింది ఒక్క ఎన్.ఐ.బి.కే. సింహాసనం లాంటి నల్ల కుర్చీలో కూర్చునే ఓజీ పాడాడు. పదిహేడు రోజులకు, జులై 22న, పోయాడు. అప్పటినుంచి ఈ పాటను తక్కువ చేసి మాట్లాడాలంటే నాకూ మనసొప్పదు.

అయినా ఒక మాట అనాలి. ఎన్.ఐ.బి. నడిచింది అప్పటికే వేసి ఉన్న దారిలో. ఆల్బమ్ వచ్చిన ఏడాదే రోలింగ్ స్టోన్ పత్రికలో విమర్శకుడు లెస్టర్ బాంగ్స్ ఆ ఆల్బమ్‌ను క్రీమ్ బ్యాండ్‌తో పోల్చి, దానికన్నా నాసిగా ఉందని రాశాడు. నాసి అన్నది నేను ఒప్పుకోను. పోలిక మాత్రం ఎన్.ఐ.బి. వరకూ నిజమే. అమెరికా నల్లవాళ్ల బ్లూస్ సంగీతాన్ని బరువుగా, గట్టిగా వాయించే పద్ధతి క్రీమ్ చూపించిందే. సబ్బాత్ ఆ దారిలో ఇంకాస్త వేగంగా, ఇంకాస్త మొరటుగా వెళ్లింది. ఆ రోజుల్లో చేయి తిరిగిన ఇంకో బ్యాండ్ ఏదైనా ఇలాంటి పాట కట్టగలిగేదేమో అనిపిస్తుంది. మొదటి పాట విన్నప్పుడు ఆ అనుమానమే రాదు.

మిగతావాటి గురించి క్లుప్తంగా. 'ద విజర్డ్'లో ఓజీ మౌత్ ఆర్గాన్ అందరూ మెచ్చుకునేదే, కానీ ఆ పాటను మోసేది బిల్ వార్డ్. జాజ్ విని పెరిగిన చేతులు అతనివి. ఖాళీ దొరికిన ప్రతిచోటా ఒక విరుపు వేసి, మళ్లీ సరిగ్గా తాళానికి వచ్చి వాలతాడు. 'వార్నింగ్', 'ఈవిల్ ఉమన్' రెండూ ఇతరుల పాటలు. అమెరికాలో విడుదల చేసినప్పుడు 'ఈవిల్ ఉమన్' తీసేసి 'వికెడ్ వరల్డ్' పెట్టారు, ఆ మార్పు మంచిదే. 'వార్నింగ్' పది నిమిషాలు దాటుతుంది. అందులో అయోమీ గిటార్ ఎక్కడెక్కడో తిరిగొస్తుంది. ఆల్బమ్‌లో మంచి వాయింపు ఎక్కడుందని అడిగితే అదే చూపిస్తాను. మంచి పాట ఏదని అడిగితే కాదు.

ఇక మొదటి పాట. వాన, ఉరుము, దూరంగా చర్చి గంట. వీటిని బెయిన్ తర్వాత చేర్చాడు. ఆ వానలోంచి ఒక్కసారిగా మూడు స్వరాలు పడతాయి. మనవాళ్ల భాషలో చెప్పాలంటే కింది సా, పై సా, అక్కడినుంచి దిగి మధ్యలో ప్రతి మధ్యమం, అంటే రెండు 'మ'లలో పైది. రిఫ్ మొత్తం అంతే.

మా అత్తయ్య చాలా ఏళ్లు పిల్లలకు కర్ణాటక సంగీతం చెప్పింది. ఒకసారి ఆవిడ హార్మోనియం మీద ఈ మూడు స్వరాలూ నెమ్మదిగా వాయించి చూపించాను. రెండుసార్లు విని, "మధ్యమం మీద అలా నిలబడిపోయావేంరా, పంచమానికి ఎప్పుడొస్తావు?" అంది. రాదత్తయ్యా, పాట సగానికి పైగా ఇంతే అన్నాను. ఆవిడ పెట్టె తనవైపు లాక్కుని తనే వాయించింది. చివరి మెట్టు మీద వేలు అలాగే ఉంచి, గాలి అయిపోయేదాకా విన్నది.

పాట కిటుకంతా ఆ ప్రశ్నలోనే ఉంది. సా నుంచి ప్రతి మధ్యమానికి ఉన్న దూరాన్ని యూరప్ సంగీతంలో సైతాను పేరుతో పిలిచేవారు. మనకు ఆ స్వరమంటే భయం లేదు. 72 మేళకర్త రాగాల్లో సగం ప్రతి మధ్యమానివే. కల్యాణి రాగం పాడితే ఇల్లంతా వెలుగు నిండినట్టుంటుంది, 'నిధి చాల సుఖమా' కల్యాణిలోనే ఉంది. అదే స్వరం ఇక్కడ ఎందుకు గుండె జారేలా చేస్తుంది? కల్యాణిలో దానికి చుట్టాలుంటారు: కింద గాంధారం ఎత్తుకుంటుంది, పైన పంచమం అక్కున చేర్చుకుంటుంది. అయోమీ ఆ చుట్టాలను పక్కన పెట్టేశాడు. పై షడ్జమం నుంచి నేరుగా దూకి మధ్యమం మీద పడ్డాడు. వేలు వణికించినప్పుడు పంచమం తగిలీ తగలనట్టు ఉంటుంది, అక్కడ నిలవడు. చెవి ఎదురుచూస్తూనే ఉంటుంది.

ఈ రిఫ్ ఊరికే రాలేదు. హోల్‌స్ట్ అనే ఇంగ్లిష్ స్వరకర్త 'మార్స్' ముక్కను గీజర్ బేస్ మీద వాయించుకుంటుంటే, దాన్నుంచి అయోమీకి ఇది తట్టింది. వాయించిన చేతి కథ కూడా చెప్పాలి. పదిహేడేళ్ల వయసులో, లోహపు రేకుల ఫ్యాక్టరీలో పనికి చివరి రోజున, యంత్రంలో పడి అయోమీ కుడిచేతి రెండు వేళ్ల కొనలు తెగిపోయాయి. ఎడమచేతి వాటం మనిషి కనుక గిటార్ తీగలు నొక్కాల్సింది ఆ వేళ్లే. ప్లాస్టిక్ సీసా కరిగించి వేళ్లకు తొడుగులు చేసుకుని, సన్నటి తీగలు కట్టుకుని మళ్లీ మొదలుపెట్టాడు. ఈ బరువంతా తీగలు వదులు చేసి శ్రుతి దించడం వల్ల వచ్చిందని చాలామంది అనుకుంటారు. అది 1971లో వచ్చిన మూడో ఆల్బమ్ సంగతి. ఇక్కడ శ్రుతి మామూలుదే. బరువు వచ్చింది స్వరాల ఎంపిక నుంచి, వాటి మధ్య వదిలిన నిశ్శబ్దం నుంచి.

ఆ నిశ్శబ్దంలోకి ఓజీ గొంతు తగ్గించి వస్తాడు. ఎదురుగా నిలబడి వేలు చూపిస్తున్న ఆ నల్లటి ఆకారం ఏమిటని అడుగుతాడు. ఒక రాత్రి మెలకువ వచ్చి చూస్తే మంచం చివర నల్లటి ఆకారం నిలబడి ఉందని గీజర్ చెప్పిన అనుభవమే దీనికి మూలం. ఎన్.ఐ.బి.లో సైతాను ముచ్చటైన పాత్ర, మనం అతని పక్షం వహిస్తాం. ఇక్కడ పాడేవాడు భయపడుతున్నాడు, ఆ భయంలో నటన వినపడదు.

ఈ పాట మీద నాకు తెలిసిన గట్టి ఆక్షేపణ చివరి భాగం గురించి. నాలుగున్నర నిమిషాలకు పాట ఉన్నట్టుండి పరుగందుకుంటుంది, అంతదాకా కట్టిన భయం అక్కడ చెదిరిపోయిందని కొందరంటారు. మొదట్లో నాకూ అలాగే తోచింది. ఇప్పుడు అనిపించదు. అంతసేపు కదలకుండా నిలబడిన మనిషికి కాళ్లు వచ్చాయి, అంతే. వార్డ్ డ్రమ్స్ ఆ కాళ్లు, అయోమీ గిటార్ వెనక తరుముకొచ్చేది. ఈ భాగం వదిలేసి పాటను ఊహించుకోండి, ఆ మనిషి ఇంకా అక్కడే నిలబడి ఉంటాడు.

2017 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్‌లో ముగిసిన వీడ్కోలు పర్యటనలో కచేరీ మొదలుపెట్టింది ఈ పాటతోనే. అప్పుడు వార్డ్ వాళ్లతో లేడు, అది నాకు వెలితే. కానీ అప్పటికి నలభై ఏడేళ్ల కిందటి ఆ మూడు స్వరాలు పడగానే వేలమంది పెట్టిన కేక వింటే, విల్లా పార్క్‌లో ఎన్.ఐ.బి. పాడారన్న సంగతి తెలిసీ నా ఓటు మారదు.