తూటాలు స్వయంగా నింపుకోవడం మొదలుపెట్టేవారికి ఏ ప్రెస్ మేలు, ఏ త్రాసు మేలు?

తూటాలో ఇత్తడి కేసు (మిగతావన్నీ పట్టి ఉంచే తొడుగు), ప్రైమర్ (దెబ్బ తగలగానే నిప్పు రేపి మందును అంటించే చిన్న బిళ్ళ), మందు, బుల్లెట్ (గొట్టంలోంచి దూసుకుపోయే గుండు) అని నాలుగు భాగాలుంటాయి. కాల్చిన తరువాత వీటిలో మళ్ళీ పనికొచ్చేది కేసు ఒక్కటే. చట్టం అనుమతించే చోట, తగిన లైసెన్సు చేతిలో ఉన్నవారు ఆ కేసును తిరిగి నింపుకోవాలనుకుంటే ముందుగా తేల్చుకోవలసినది ఏ ప్రెస్ (హ్యాండిల్ లాగి కేసును అచ్చులోకి నొక్కే యంత్రం) కొనాలన్నదే. (0.22 రిమ్‌ఫైర్ తూటాలకు ప్రైమర్ విడిగా ఉండదు కాబట్టి అవి ఈ లెక్కలోకి రావు.)

సింగిల్ స్టేజ్ ప్రెస్‌లో ఒకసారికి ఒకే డై (కేసు మీద ఒక్కో పని చేసే గట్టి లోహపు అచ్చు) బిగుస్తుంది, హ్యాండిల్ ఒకసారి లాగితే ఒకే పని జరుగుతుంది. పాత ప్రైమర్‌ను తోసివేసి కేసును అసలు కొలతకు తెచ్చే పని అన్ని కేసులకూ ముగించాకే డై మార్చి తరువాతి పనికి వెళ్తాం. ఈ పద్ధతిలో గంటకు ఏభై తూటాలు తయారైతే బాగా జరిగినట్టే. ప్రోగ్రెసివ్ ప్రెస్‌లో అలా కాదు. కేసులు ఒక గుండ్రటి పళ్ళెంలో వరుసగా నిలబడి ఒక్కో స్థానం ముందుకు జరుగుతుంటాయి, పళ్ళెం నిండాక ప్రతి లాగుకూ ఒక పూర్తి తూటా బయటికి వస్తుంది, గంటకు వందల్లో చేయవచ్చు. వేగం ఒక్కటే కొలమానమైతే ఇక పోలిక అక్కర్లేదు.

అయితే కొత్తవారికి ముఖ్యం వేగం కాదు, జరుగుతున్న ప్రతి పనినీ కళ్ళారా చూడగలగడం. ప్రోగ్రెసివ్‌లో నాలుగైదు పనులు ఒకే క్షణంలో జరుగుతాయి. ప్రైమర్ దగ్గర ఏదో అడ్డుపడిందని చూపు అటు తిప్పినప్పుడే మందు పడే చోట పొరపాటు దొర్లవచ్చు. మందు అసలు పడని తూటాను కాలిస్తే ప్రైమర్ బలానికే బుల్లెట్ గొట్టం మధ్యదాకా వెళ్ళి ఆగిపోతుంది, అది గమనించక మరొకటి కాలిస్తే తుపాకీ పగలవచ్చు, కాల్చినవారికి తీవ్ర గాయాలూ కావచ్చు. మందు రెండుసార్లు పడితే మొదటి తూటాకే ఆ ప్రమాదం. త్వరగా మండే పిస్టల్ మందులు కొన్ని కేసులో సగం కూడా నిండవు కాబట్టి రెట్టింపు పడినా పొర్లిపోయి హెచ్చరించవు. సింగిల్ స్టేజ్‌లో మందు పోసిన కేసులన్నీ లోడింగ్ బ్లాక్ గుంటల్లో నిలబడి ఉంటాయి. బుల్లెట్ పెట్టకముందు టార్చి వేసి పైనుంచి వరుస వరుసగా చూస్తే, ఒక్క కేసులో మందు మట్టం మిగతావాటికన్నా ఎక్కువగా గాని తక్కువగా గాని ఉన్నా వెంటనే కంటపడుతుంది. ఈ ఒక్క సదుపాయం కోసమే మొదటి ప్రెస్‌గా సింగిల్ స్టేజ్‌నే తీసుకోమంటాను. తరువాత ప్రోగ్రెసివ్ కొన్నా, తక్కువ సంఖ్యలో జాగ్రత్తగా చేసే రైఫిల్ తూటాలకు ఇది పనికివస్తూనే ఉంటుంది.

టరెట్ ప్రెస్ ఈ రెండింటికీ నడిమిది. డైలన్నీ తిరిగే తలలో బిగించి ఉంటాయి కాబట్టి ప్రతిసారీ మార్చనక్కర్లేదు. నెలనెలా ఓ మోస్తరు సంఖ్యలో పిస్టల్ తూటాలు వాడేవారు దీనితోనే మొదలుపెట్టినా నేను అభ్యంతరం చెప్పను.

ప్రెస్‌లో మిగిలిన డబ్బు త్రాసు మీద పెట్టాలి. మందును గ్రెయిన్లలో తూస్తారు. ఒక పౌండుకు 7000 గ్రెయిన్లు, అంటే ఒక గ్రెయిన్ సుమారు 65 మిల్లీగ్రాములు. 0.01 గ్రాము దాకా చూపే చిన్న త్రాసు సూక్ష్మంగానే అనిపిస్తుంది గాని దానిలో ఒక్కో మెట్టు 0.15 గ్రెయిన్ అవుతుంది, మనకు కావలసినదేమో 0.1 గ్రెయిన్ దాకా నమ్మదగిన తూకం. బీమ్ త్రాసుకు (కడ్డీ మీద బరువు జరిపి తూచేది) బ్యాటరీతో పని లేదు, సమతలంగా పెట్టి సున్నా సరిచూస్తే ఏళ్ళ తరబడి అదే మాట చెబుతుంది. కాకపోతే ముల్లు నిలకడకు వచ్చేదాకా ఓపిక పట్టాలి. డిజిటల్ త్రాసు అంకెను క్షణాల్లో చూపుతుంది గాని చవక రకాల్లో గాలి తగిలినా, గది వేడి మారినా సున్నా మెల్లగా జారిపోతుంది. నా ఓటు బీమ్‌కే. డిజిటల్ తీసుకునేవారు పరీక్ష తూకపు రాళ్ళు కూడా తప్పక కొనుక్కొని, పని మధ్యలో ఒకటి రెండుసార్లు పెట్టి చూసుకోవాలి.

ప్రైమర్ ఎక్కించడానికి ప్రెస్ మీది అమరిక కన్నా చేతి పరికరమే మేలు, ఎందుకంటే ప్రైమర్ గుంట అడుగుకు తాకడం వేళ్ళకు తెలుస్తుంది. ఆపైన కేసు అడుగున వేలు రాసి చూస్తే ప్రైమర్ అంచుకన్నా రవ్వంత లోపలికి ఉండాలి, పైకి తగలకూడదు. డైలలో, నిటారు గోడల పిస్టల్ కేసులకు కార్బైడ్ డై (లోపల చాలా గట్టి, నునుపైన వలయం ఉన్నది) కొంచెం ఖరీదైనా నూనె పూసే అవసరం తప్పిస్తుంది. మెడ సన్నబడే రైఫిల్ కేసులకు మాత్రం ఏ డై అయినా తగిన నూనె పూయవలసిందే, లేకపోతే కేసు డైలో ఇరుక్కుంటుంది. రైఫిల్ కేసులు కాల్చినకొద్దీ పొడవు సాగుతాయి గనుక కాలిపర్ (పొడవు కొలిచే పరికరం), కేసు కోసే పరికరం కూడా రైఫిల్ తూటాలు నింపేవారికి మొదటి రోజునుంచే కావాలి.

మందు తయారీదారు ప్రకటించిన మందు కొలతల పుస్తకానికీ, కళ్ళను కాపాడే అద్దాలకూ ప్రత్యామ్నాయమంటూ లేదు, ఆ కొలతల్లో కూడా ఆరంభ తూకంతోనే (పుస్తకం చూపే అతి తక్కువ తూకం) మొదలుపెట్టాలి. అనుమానం వచ్చిన తూటాను విప్పడానికి కాలెట్ పుల్లర్ (ప్రెస్‌లో బిగించి బుల్లెట్‌ను పట్టి లాగేది) కన్నా సుత్తి ఆకారపు పుల్లర్ (కొట్టినప్పటి అదురుతో బుల్లెట్‌ను ఊడదీసేది) చవక, దాదాపు అన్ని సైజుల తూటాలకూ ఒకటే సరిపోతుంది. మొదటి కొనుగోలులోనే దాన్ని చేర్చుకున్నవారు అనుమానపు తూటాను కాల్చి చూద్దామనుకోకుండా విప్పి చూస్తారు.